దీవిలో ఉందన్నారు

గుడ్లు ఉడికాయో లేదో చూద్దామని ఒకదాన్ని చెంచాతో పైకి తీసి, చన్నీళ్లలో వేసి పెంకు ఒలుస్తుంటే వెనకనుంచి ఆయన అన్నాడు, "ఒక్క పూట షికారుకి ఇంత హడావుడి ఎందుకు? అక్కడ ఏదో ఒకటి దొరకదా?" అని ఊరుకోకుండా, ఒలిచిన గుడ్డు ఆమె చేతిలోంచి తీసుకుని, ఉప్పెక్కడుందని అడిగి, రోజూ ఉండే చోటే ఉన్న ఉప్పును ఆమె చేత తీయించుకుని, తింటూ వెళ్లిపోయాడు.

ఏదో ఒకటి దొరుకుతుంది, నిజమే. ఆ ఏదో ఒకటి అత్తగారికి పడదు. చిన్నాడు ముట్టడు. ఇప్పుడీ మాటన్న మనిషే రెండు ముద్దలు తిని, ఇదేం తిండి, ఇంటి నుంచి తెచ్చుకుంటే పోయేది అంటాడు. అప్పుడు ఆమె తేలేదన్నది తప్పవుతుంది. అందుకని చీకటితోనే లేచింది. షికారంటే ఆ ఇంట్లో మిగతా అందరికీ ఇల్లు వదిలి వెళ్లడం. ఆమెకి మాత్రం ఇంటిని సంచుల్లో కుక్కుకుని వెంట మోసుకెళ్లడం. అత్తగారి మోకాళ్ల మందు, నడుం వెనక పెట్టుకునే దిండు, చిన్నాడికి రెండు జతల బట్టలు, ఆయన టోపీ, చలవ కళ్లద్దాలు, పెద్దదానికి పడవ పడక కడుపులో తిప్పితే వాసన చూడటానికి నిమ్మకాయ, బ్రెడ్డు, గుడ్లు, అరటిపళ్లు, ఫ్లాస్కులో టీ. అన్నిటికీ అడుగున ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టింది. అందులో ఎండు చేపలు. వాసన రాకుండా రెండు కవర్లు చుట్టింది. అవి ఎవరికని ఎవరైనా అడుగుతారేమోనని చూసింది. అడిగితే, మేనేజరమ్మకి అని చెబుదామనుకుంది. ఎవరూ అడగలేదు.

మేనేజరమ్మ ఒక పిల్లి. ఒంటిమీద తెలుపు, నలుపు, గోధుమరంగు ముక్కలు ఎవరో తొందరలో అతికించినట్టు ఉండేవి. ఆమె అంట్లు తోముతుంటే గట్టుమీద కూర్చుని చూసేది. బట్టలు ఆరేస్తుంటే బాల్కనీలో కుర్చీ ఎక్కి చూసేది. ఒక్క పనీ చెయ్యదు, చేసేవాళ్లని మాత్రం కన్నార్పకుండా చూస్తుంది, ఇది మా ల్యాబు మేనేజరుకి చెల్లెలై ఉంటుంది అని ఆమె ఒకసారి నవ్వుతూ అంది. పేరు అలా నిలిచిపోయింది. ఆమె పని చేసేది రక్తపరీక్షల కేంద్రంలో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం చేతుల్లోంచి రక్తం తీస్తుంది. అక్కడి మేనేజరు నిజంగానే అలాంటి మనిషి. కానీ ఆయనకి లేని గుణం ఒకటి పిల్లికి ఉండేది. అందరూ తిని లేచాక, గిన్నెల అడుగున మిగిలింది కంచంలో వేసుకుని ఆమె ఒక్కతే కూర్చున్నప్పుడు అది వచ్చి ఎదురుగా కూర్చునేది. అడిగేది కాదు, అరిచేది కాదు. ఆమె తినడం అయ్యేదాకా కూర్చుని, ఆమె లేస్తే లేచేది. పెళ్లయ్యాక ఆమె తింటున్నప్పుడు ఎదురుగా కూర్చున్న ప్రాణి అదొక్కటే.

ఆరేళ్ల కిందట చిన్నాడు పుట్టి, వాణ్ని ఎత్తుకుని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు గట్టుమీద చూసింది, బాల్కనీలో చూసింది, మంచం కింద చూసింది. అది లేదు. "పసిబిడ్డ ఉన్న ఇంట్లో పిల్లేంటి అమ్మాయ్, దీవికి పంపించేశాం" అంది అత్తగారు. సముద్రంలో గంట ప్రయాణం చేస్తే ఒక దీవి ఉంది. అక్కడ మనుషుల కంటే పిల్లులే ఎక్కువని, జాలర్లు వాటికి చేపలు వేస్తారని, చూడటానికి జనం పడవల మీద వెళతారని అందరికీ తెలుసు. "దానికక్కడ హాయిగా ఉంటుంది. ఒకసారి అందరం వెళ్లి చూసొద్దాం" అన్నాడాయన. అప్పటికి ఒళ్లంతా పచ్చిగా ఉంది, చేతిలో బిడ్డ ఏడుస్తున్నాడు. ఆమె సరేనంది.

ఆ ఒకసారి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఈలోగా కబుర్లు మాత్రం వచ్చేవి. ఆయన ఆఫీసులో ఒకాయనకి ఆ దీవిలో చుట్టాలున్నారట, నెలనెలా వెళ్లొస్తాడట. మీ మేనేజరమ్మ లావెక్కిందట అనేవాడు. చేపలు తిని తిని మొహం మొత్తి బిస్కట్లు అడుగుతోందట అనేవాడు. అక్కడ కూడా వలలు బాగుచేసేవాళ్ల ఎదురుగా కూర్చుని పని సరిగ్గా చేస్తున్నారో లేదో చూస్తోందట అంటే ఆమె కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. నిజం చెప్పాలంటే ఆయన ఆమెతో అంత ముద్దుగా మాట్లాడేది ఈ పిల్లి కబుర్లు చెప్పేటప్పుడే. మిగతావన్నీ నా చొక్కా ఏది, కరెంటు బిల్లు కట్టావా, అమ్మ మందులు అయిపోయినట్టున్నాయి. కొన్నిసార్లు ఆమె పిల్లి మీద బెంగతో కాదు, ఆయన గొంతు అలా వినాలనే అడిగేది.

వెళదాం అన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడేది. సముద్రం బాగా లేదు, అమ్మకి మోకాళ్లు, ఆఫీసులో తనిఖీ. చివరికి చిన్నాడు ఫోనులో ఆ దీవి వీడియో చూసి, తీసుకెళితేగానీ అన్నం తిననని ఒక పూట భీష్మించుకుని కూర్చున్నాడు. ఆ ఆదివారానికే టికెట్లు వచ్చేశాయి. ఆరేళ్లుగా తను అడిగినదానికి లేని విలువ వాడి ఒక్క పూట అలకకి ఉందన్నమాట అనుకుంది. మనసు చివుక్కుమంది. అయినా ఎవరి మాట మీద వెళితేనేం, వెళుతున్నాం కదా, దాన్ని చూస్తాను కదా అనుకుంది. ఆ వారమంతా ల్యాబులో కూడా ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది. అది తనని గుర్తుపడుతుందా అన్నదొక్కటే దిగులు.

ఎందుకో పెద్దదే రానంది. పదమూడేళ్ల పిల్ల. పరీక్షలున్నాయంది, తలనొప్పంది, పడవ పడదంది. మీ అమ్మ ఎంత ఆశపడుతోందో చూడు అని నానమ్మ మందలిస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. వయసు అలాంటిది అన్నారు అందరూ. ఆమె కూడా అంది. బయల్దేరే వేళకి మాత్రం ఆ పిల్ల మొహం ముడుచుకునే వెంట వచ్చింది.

పడవ ఎక్కే రేవు దగ్గర దిగాక అందరూ చేతులూపుకుంటూ ముందు నడిచారు. సంచులన్నీ ఆమె దగ్గరే కాబట్టి గేటు దగ్గర ఆమెనే ఆపారు. నీలం కోటు వేసుకున్న ఒకావిడ సంచులు విప్పి చూస్తూ, పిల్లిగానీ పిల్లికూనగానీ తీసుకెళుతున్నారా అని అడిగింది. ఆమెకి నవ్వొచ్చింది. మా పిల్లి అక్కడే ఉందండీ, ఆరేళ్ల కిందట పంపించాం, దాన్ని చూడ్డానికే వెళుతున్నాం అని సంబరంగా చెప్పింది.

నీలం కోటావిడ చెయ్యి సంచిలోనే ఆగింది. "ఈ రేవు నుంచేనా?"

"ఇంకో రేవు లేదు కదండీ."

"లేదమ్మా. నేను ఇక్కడ చేరకముందు నుంచీ ఇదే రూలు. కొత్త పిల్లిని దాటనివ్వరు, అక్కడివాటికి జబ్బులు అంటుకుంటాయని. వదిలేసిపోదామని బుట్టల్లో పెట్టుకుని రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అందర్నీ వెనక్కే పంపుతాం." ఆ మాటంటూ ఆమె మొహంలోకి చూసింది. చూసి మాట మార్చింది. డబ్బా మూత సరిగ్గా పెట్టి, సంచి ముడేసి చేతికిస్తూ, "ఏమో, నేను సెలవులో ఉన్నప్పుడేమైనా పంపారేమో" అంది.

పడవలో ఆమె ఒక చివర కూర్చుంది. ఆయన ఎవరికో చెప్పి, బతిమాలి, దొంగచాటుగా దాటించి ఉంటాడు అనుకుంది. ఆయన తరఫున వాదించడం ఆమెకి కొత్త కాదు. ఎప్పుడూ గెలిపిస్తూనే వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, గొంతెత్తడు, తాగడు. నీ మొగుడు బంగారం అంటారు చుట్టుపక్కలవాళ్లు. బంగారమే, కాదన్నదెవరు.

కానీ ఆ ఇంటికి ఒక పద్ధతి ఉంది. ఏ విషయమైనా ముందు తల్లీ కొడుకూ లోపలి గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ఒక మాట అనుకుంటారు. అనుకున్నాక బయటికొచ్చి ఆమెకి చెబుతారు. చెప్పేటప్పుడు ఇద్దరివీ అవే పదాలు, అదే వరస. ఆమె తండ్రికి గుండెపోటు వచ్చిందని ఫోనొచ్చిన రోజు ఇంట్లో చుట్టాలున్నారు, వంట సగంలో ఉంది. మర్నాడు పొద్దున చెప్పారు. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు అన్నాడాయన. నువ్వు కంగారుపడతావని చెప్పలేదమ్మాయ్ అంది అత్తగారు. ఆమె మీద ప్రేమతోనే చేశామని వాళ్లు నమ్ముతారు. అందుకే వాళ్లని నిలదియ్యడానికి ఎటునుంచీ పట్టు దొరకదు. ల్యాబులో ఆమె సూది గుచ్చేముందు, ఇప్పుడు కాస్త నొప్పి పుడుతుంది అని చెప్పి గుచ్చుతుంది. చెబితే బిగుసుకుంటారు, మాటల్లో పెట్టి గుచ్చెయ్యాలి అంటాడు మేనేజరు. ఆమె వినదు. ముసలివాళ్లంతా ఆమె దగ్గరే వరస కడతారు. అలా చెప్పి గుచ్చించుకునే అదృష్టం ఇంట్లో ఆమెకి ఎన్నడూ లేదు.

పెద్దదానికి మూడేళ్లప్పుడు ఆమెకి ఏడో నెలలోనే కాన్పయింది. మత్తు వదిలేసరికి అందరూ మంచం చుట్టూ ఉన్నారు. మగపిల్లాడు, నెలలు నిండలేదు కదా, గాజు పెట్టెలో ఉంచారు, రెండ్రోజులాగి చూపిస్తారు అన్నారు. ఆ రెండ్రోజులూ రొమ్ములు సలుపుతుంటే ఆమె పళ్లు బిగబట్టుకుని పాలు పిండి, గిన్నెలో పట్టి ఆయన చేతికిచ్చింది, బిడ్డకి పట్టించమని. ఆయన తీసుకెళ్లేవాడు. ఖాళీ గిన్నె కడిగి తెచ్చేవాడు. తాగాడా అంటే తాగాడనేవాడు. మూడో రోజు అందరూ కలిసి వచ్చి చెప్పారు, వాడు పుట్టినప్పుడే ఊపిరి లేదని. అప్పుడే చెబితే తట్టుకోలేవని అనుకున్నామన్నారు. ఎక్కడ పెట్టారని అడిగింది. "మంచి చోటే. చెట్లున్నాయి, నీడగా ఉంటుంది. నువ్వు చూస్తే బెంగపెట్టుకుంటావు" అన్నాడాయన. అత్తగారూ అదే అంది. మంచి చోటు, చెట్లు, నీడ. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. చిన్నపిల్ల, దానికి చెప్పక్కర్లేదు అని అనుకున్నప్పుడు ఆమె కూడా తలూపింది. ఆ తర్వాత కొన్నాళ్లకే మచ్చల పిల్లి ఒకటి బాల్కనీలోకి వచ్చి, పొమ్మన్నా పోకుండా కూర్చుంది.

దీవి దగ్గరపడుతోంది. దీవి మాట అబద్ధమైతే, అనుకుని, ఆ పైన ఇంక ఆలోచించలేకపోయింది. లేచి వెళ్లి పెద్దదాని ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టింది. ఆ పిల్ల తల తిప్పుకుంది.

దీవి వాళ్లు చెప్పినట్టే ఉంది. రేవు మెట్లమీద పిల్లులు, బోర్లించిన పడవల మీద పిల్లులు, టీ కొట్టు బల్లల మీద పిల్లులు. అన్నిటికీ చెవి కొసన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన గుర్తుగా, చిన్న కత్తిరింపు. అవి ఎవరినీ లెక్క చెయ్యడం లేదు. చిన్నాడు ఒక్కో పిల్లి వెనకా పరుగెడుతున్నాడు. ఆయన మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా ముందు నడుస్తున్నాడు. ఆమె ఒక్కో గోడా ఒక్కో గుమ్మం చూసుకుంటూ, సిగ్గు విడిచి "మేనేజరమ్మా, మేనేజరమ్మా" అని పిలుస్తూ నడిచింది. టీ తాగుతున్నవాళ్లు ఎవరినో అనుకుని తిరిగి చూశారు.

అరగంట కూడా కాలేదు. "ఇటు రా, ఇటు రా" అని ఆయన కేకేశాడు. వలల కుప్ప మీద మూడు రంగుల పిల్లి ఒకటి ఎండ కాగుతోంది. ఆమె పరుగున వెళ్లింది. వెళ్లి చూసింది. మేనేజరమ్మకి ఎడమ ముందుకాలు ఒక్కటే తెలుపు. దీనికి నాలుగూ తెలుపే. దీని వయసు రెండేళ్లకు మించదు.

"కాస్త రంగు మారింది, సముద్రపు గాలి కదా" అన్నాడాయన.

అత్తగారు వెనకెక్కడో మోకాళ్లు పట్టుకుంటూ వస్తోంది, ఆవిడకి ఈ మాట వినపడే దూరం కాదు. వచ్చింది, నిలబడింది, ఆయాసం తీర్చుకుంది. పిల్లిని చూసి, "అదే, అదే. కాస్త రంగు మారింది, సముద్రపు గాలి కదా. చూడు, నన్ను గుర్తుపట్టి ఎలా చూస్తోందో" అంది.

అవే పదాలు, అదే వరస. అప్పుడు తెలిసింది ఆమెకి. బయల్దేరే ముందే లోపలి గదిలో ఒక మాట అనుకుని వచ్చారు. మూడు రంగులున్నది ఏదో ఒకటి కనిపించకపోదు, దాన్ని చూపిద్దాం, తనకేం తెలుస్తుంది అనుకున్నారు. చీర రంగు చెబితే ఏ పెళ్లికి కొన్నదో చెప్పగలిగే మనిషికి, అడుగుల చప్పుడు వింటే ఎవరొస్తున్నారో తెలిసే మనిషికి, నాలుగేళ్లు తన కంచం ముందు కూర్చున్న పిల్లి ఏదో తెలియదనుకున్నారు. పిల్లి పోయిన దుఃఖం కంటే ముందు ఆ అవమానమే ఆమెకి తగిలింది. వలల మీది పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, వచ్చి ఆమె కాలికి రాసుకుంది. వంగి దాని తల నిమిరింది. ఒక్క క్షణం, ఇదే అనుకుంటే పోలేదా అని కూడా అనిపించింది. ఆరేళ్ల ముద్దు కబుర్లు మిగులుతాయి. తలెత్తితే ఎదురుగా పెద్దది. ఆ పిల్ల పిల్లిని చూడటం లేదు. తల్లినే చూస్తోంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

చిన్నాడి కాళ్లకి బురదైంది, కడిగి తీసుకురమ్మన్నారు. కుళాయి టీ కొట్టు వెనకాల ఉంది. పెద్దది కూడా వెంట వచ్చింది. వాడు కాళ్లు కడిగించుకుని పారిపోయాక కుళాయి కట్టెయ్యబోతుంటే, "అమ్మా, అది కాదు" అంది.

"తెలుసమ్మా."

"దీవికి తీసుకురాలేదు. నేనూ ఉన్నాను." ఆ పిల్ల మాట ఒక్కోటీ ఒక్కోటీ వస్తోంది. నువ్వూ నానమ్మా ఆస్పత్రిలో ఉన్నారు, ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేరని నాన్న నన్ను కూడా కార్లో ఎక్కించుకున్నాడు అంది. పెద్ద రోడ్డు మీద పెట్రోలు బంకు వెనకాల ఆపాడంది. బుట్ట మూత తీస్తే అది దిగలేదు. నాన్న బుట్టని వంచాడు. అది వెళ్లి లారీ కింద కూర్చుంది. ఇక్కడ ఎలకలుంటాయి, బాగా తింటుంది అన్నాడు. "నేను వెనక అద్దంలోంచి చూశానమ్మా. అది మనల్నే చూస్తూ కూర్చుంది."

ఆమె కుళాయి కట్టడం మరిచిపోయింది. "నాతో ఎందుకు చెప్పలేదు తల్లీ?" అంది. కోపం కాదు. అడగాలనిపించి అడిగింది.

"అమ్మ ఏడిస్తే పాలు రావు, తమ్ముడు బతకడు అన్నాడు నాన్న."

ఏడేళ్ల పిల్ల. అప్పుడు రోజూ బడి నుంచి రాగానే సంచి కూడా దించకుండా ఉయ్యాల దగ్గరికొచ్చి, అమ్మా, తమ్ముడు పాలు తాగాడా అని అడిగేది. రాత్రి పడుకునే ముందు అడిగేది. నిద్రలో లేచి అడిగేది. తమ్ముడంటే ఎంత ప్రాణమో చూడండి అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయారు. ఆమె అందరికంటే ఎక్కువ మురిసింది. అది ప్రేమ ఒక్కటే కాదు, భయం కూడా అని ఇప్పుడు తెలిసింది. తన నోరు జారితే తమ్ముడు చచ్చిపోతాడని ఆ పిల్ల ఆరేళ్లు, తమ్ముడు పాలు మానేసి అన్నం తిని బడికి వెళ్లే వయసొచ్చినా, నోరు కుట్టుకుని తిరిగింది. ఆమె పిల్లని దగ్గరికి తీసుకుంది. ఏడవద్దని చెప్పలేదు. ఇద్దరూ ఏడ్చారు. కుళాయి నీళ్లు చెప్పుల కిందనుంచి పారుతూనే ఉన్నాయి.

భోజనాల వేళకి ఆమె దుప్పటి పరిచింది. బ్రెడ్డు ముక్కలు పంచింది, గుడ్లు ఒలిచింది, అత్తగారి నడుం వెనక దిండు సర్దింది. ఉప్పు ఏదన్నారు, ఇచ్చింది. ఎండు చేపలన్నీ నాలుగు తెల్ల కాళ్ల పిల్లికి పెట్టింది, పాపం దాని తప్పేముంది. చూశావా, ఎంత ఆబగా తింటోందో, నీ చేతి తిండి మరిచిపోలేదు అన్నాడాయన. అనేటప్పుడు ఆ గొంతులో అదే ముద్దు. ఆరేళ్లుగా ఆమె అడిగి అడిగి చెప్పించుకున్న గొంతు అది. ఆఫీసులో ఆ చుట్టాలాయన కూడా లేడన్నమాట. బిస్కట్లూ లేవు, లావెక్కడమూ లేదు. ఉన్నది ఒక లారీ, దాని కింద బిక్కుబిక్కుమంటూ ఒక పిల్లి. అది ఆ రాత్రి ఎవరి కంచం ముందు కూర్చుంది, ఎన్నాళ్లు చూసింది, ఏ చక్రం కిందికి పోయింది అని మనసు పరుగెడుతుంటే, చేతులు మాత్రం అలవాటుగా అరటిపళ్లు ఒలుస్తున్నాయి.

తిరుగు పడవలో పెద్దది చివరి బల్ల మీద తల వాల్చుకుని కూర్చుంది. చిన్నాడు దాని ఒళ్లో నిద్రపోయాడు. ఆమె సంచులు అక్కడే పెట్టేసి, వెళ్లి ఆయనకీ అత్తగారికీ ఎదురుగా కూర్చుంది.

"పెట్రోలు బంకు వెనకాల వదిలారట కదండీ" అంది.

ఆయన వెంటనే తల్లి మొహంలోకి చూశాడు. తల్లి కొడుకు మొహంలోకి చూసింది. ఇక్కడ లోపలి గది లేదు, వెయ్యడానికి తలుపు లేదు. చుట్టూ నీళ్లు, ఎదురుగా ఆమె. "అప్పుడు నువ్వు పచ్చి బాలింతవి. ఏడుస్తావని చెప్పలేదు" అన్నాడు.

"ఏడ్చేదాన్ని. ఏడిస్తే ఏమయ్యేది?"

ఆయన, ఒక పిల్లి కోసం ఇంత రాద్ధాంతమా అన్నట్టు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆమె పిల్లి గురించి ఇంకేమీ అడగలేదు. పొద్దున పడవలో ఎక్కడ ఆలోచన ఆపిందో అక్కడికే వచ్చింది. దీవి కూడా మంచి చోటే అన్నారు. హాయిగా ఉంటుందన్నారు.

"వాణ్ని ఎక్కడ పెట్టారు?"

ఎవరిని అని ఆయన అడగలేదు. మొహం కిందికి దించుకున్నాడు. పదేళ్లు దాటిపోయిన మాట, ఒక్కసారికే అర్థమైంది. అంటే మరిచిపోలేదు. ఆయన కూడా లోపల ఎక్కడో మోస్తూనే ఉన్నాడు, ఒక్కడే మోస్తున్నాడు. ఆ సంగతి తెలిసి ఆమెకి ఆయన మీద జాలేసింది. జాలి వేసినా ప్రశ్న వెనక్కి తీసుకోలేదు.

"చెట్లున్నాయన్నారు. ఏ చెట్లు?"

"అమ్మాయ్, ఇప్పుడెందుకవన్నీ" అంది అత్తగారు.

"ఆయన్ని చెప్పనివ్వండి అత్తయ్యా."

"నాకు తెలీదు" అన్నాడాయన. పడవ మోతలో సరిగ్గా వినపడలేదు. మళ్లీ అన్నాడు. "నాకు తెలీదు. ఆస్పత్రివాళ్లు మేమే చూసుకుంటామన్నారు. సరేనన్నాను. నేను వెళ్లలేదు. చూసే ధైర్యం లేకపోయింది."

ఆ జవాబు ముందుగా అనుకున్నది కాదు. తల్లి కూడా అప్పుడే మొదటిసారి వింటున్నట్టు కొడుకు వంక తిరిగి చూసింది. చెట్లు లేవు, నీడ లేదు, చోటే లేదు. ఊళ్లో ఎక్కడ నాలుగు చెట్లు గుబురుగా కనిపించినా బస్సు కిటికీలోంచి ఒకసారి చూసుకునేది ఆమె, ఇలాంటి చోటే అయి ఉంటుందని. ఇంతకాలం ఆ చూపులన్నీ ఎవరివో చెట్లకి పోయాయి. రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయింది. గిన్నెల్లో పట్టి ఇచ్చిన పాలు ఆయన ఎక్కడ పారబోసేవాడో, అది కూడా అడగాలి. ఇవాళ కాదు. ఇవాళ ఇంక మోయలేదు.

అత్తగారు కాస్త ముందుకి జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్లల్లో కూడా నీళ్లున్నాయి. "జరిగిందేదో జరిగిపోయింది. ఇంటికెళ్లాక మనం ముగ్గురం లోపల కూర్చుని ఒక మాట అనుకుందాం. పిల్లల దాకా పోనివ్వకు" అంది.

మనం ముగ్గురం అంది. పదిహేనేళ్ల కాపురంలో ఆ గదిలోకి ఆమెను పిలవడం అదే మొదలు. ఇంతకుముందు ఎప్పుడైనా పిలిచి ఉంటే ఆమె పొంగిపోయేది, ఈ ఇంటి మనిషినయ్యానని పుట్టింటికి ఫోను చేసి చెప్పుకునేది. ఆమె అత్తగారి చేతిలోంచి చెయ్యి మెల్లగా తీసుకుంది. లేచింది. పడవ ఊగుతుంటే బల్లలు పట్టుకుంటూ చివరికి వెళ్లింది. నిద్రపోతున్నవాణ్ని పెద్దదాని ఒళ్లోంచి తన ఒళ్లోకి తీసుకుని పక్కన కూర్చుంది. వెనకనుంచి అమ్మాయ్ అన్న పిలుపు వినపడింది. తిరిగి చూడలేదు.

"నీకూ వీడికీ మధ్య నాకు ఇంకొకడు పుట్టాడు" అంది కూతురితో. "ఊపిరి లేకుండా పుట్టాడు. నేను వాణ్ని చూడలేదు. నీకు చెప్పకూడదని అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను."